ముందు కోటు, వెనక క్లిప్పులు

చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో మేము నలుగురు బ్రహ్మచారులం ఒకే ఫ్లాట్‌లో కాపురమున్న కాలాన్ని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది, ఆ ఇంట్లో ప్రతి వస్తువూ నాలుగేసి ఉండడం. నాలుగు ప్రెషర్ కుక్కర్లు, నాలుగు పోపుల డబ్బాలు, నాలుగు ఇస్త్రీపెట్టెలు (ఒక్కటీ అమెరికా ప్లగ్గులో దూరేది కాదు), కందిపొడి డబ్బాలైతే లెక్కే లేదు. నలుగురు తల్లులు ఒకరినొకరు సంప్రదించకుండా సర్దిన సూట్‌కేసుల ఫలితం అది. కోటు మాత్రం ఒక్కటే ఉండేది. అది వరంగల్‌ది. వరంగల్ అంటే ఇక్కడ ఊరు కాదు, మనిషి. వాళ్ళన్నయ్య రిసెప్షన్‌కని హన్మకొండలో కుట్టించుకుని, అమెరికాలో పనికొస్తుందని తెచ్చుకున్నాడు. ద్రాక్షపండు రంగు వెల్వెట్ గుడ్డ, నిగనిగలాడే నల్ల కాలరు, జేబు మీద జరీపోగులతో చిన్న నెమలి. అది పెళ్ళి కోటే గాని ఇంటర్వ్యూ కోటు కాదని మాకు తెలియక కాదు. అయినా వీడియో ఇంటర్వ్యూ ఎవరికి వచ్చినా పైన ఆ కోటు, కింద నిక్కరు, ఇదే మా యూనిఫాం. మిగతా ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే బ్యాచ్, ఒకే కంపెనీ. పాలు తేవడానికైనా కలిసే వెళ్ళేవారు కాబట్టి జంటకవులని పేరు పెట్టాం. వాళ్ళిద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ పడితే మధ్యాహ్నం భోజనాల దగ్గర కోటు చేతులు మారేది. కోటు వరంగల్ కొలతలకి కుట్టింది. అతను కడుపునిండా తినే మనిషి. నేను అప్పట్లో హ్యాంగర్ కన్నా ఓ రవ్వ లావు.

ఇక నా సంగతి. మాది పశ్చిమ గోదావరి. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం ఓ అమెరికన్ చర్చి భవనాన్ని అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేది. నేను క్రమం తప్పకుండా వెళ్ళేవాణ్ణి. భక్తి కొంత, ఆరాధన తరువాత పెట్టే కోడికూర కొంత, క్వయర్‌లో రెండో వరసలో నిలబడే నర్సమ్మాయి మరి కొంత. ఆ అమ్మాయిది బాపట్ల. చికాగోలో ఓ ఆసుపత్రిలో ఉద్యోగం. ఒకసారి ఓ పెద్దాయన సుదీర్ఘంగా ప్రార్థన చేస్తుంటే ఎవరి జేబులోనో ఫోను మంచి మాస్ పాట అందుకుంది. వంద మంది కళ్ళు మూసుకుని, మొహాలు బిగబట్టుకుని నిలబడితే, ఆ అమ్మాయి ఒక్కతే ఫక్కుమని నవ్వింది. నవ్వి, ఆపుకోలేక, పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. (ఇదంతా నాకెలా తెలుసంటారా, నేనూ కళ్ళు తెరిచే ఉన్నాను.) ఆ రోజు నుంచి నాకు ఆమె తప్ప లోకం లేదు. ఆమెకు మాత్రం నేనున్నట్టే తెలియదు.

ఆ వేసవిలో వాళ్ళమ్మగారు ఆరు నెలలుండి పోదామని వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఆవిడ. కళ్ళజోడు మీదుగా చూస్తే ఎంతటి మగాడికైనా హోంవర్కు గుర్తొచ్చేది. ఆవిడ వచ్చిన పని ఏమిటో సంఘంలో అందరికీ తెలుసు. మా పాస్టరుగారి భార్య, సంఘమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, సంబంధాలు కలపడంలో అందె వేసిన చెయ్యి. నా అవస్థ కనిపెట్టి ఓ ఆదివారం పక్కకి పిలిచారు.

“బయోడేటా ఇయ్యి బాబూ, నేను మాట్లాడతాను. ఫోటో కూడా కావాలి. సెల్ఫీ పంపావంటే ఊరుకోను. కారుకి ఆనుకుని నిలబడ్డదీ వద్దు. మనిషిలా ఉన్నది ఒకటి తీయించుకురా.”

మనిషిలా కనిపించాలంటే కోటుండాలి. కోటుకేముంది, వరంగల్ అలమారాలో ఉంది. ఇక ఫోటో తీసేవాడే కావాలి. మేము సరుకులు తెచ్చుకునే ఇండియన్ గ్రోసరీకి, బట్టలుతుక్కునే లాండ్రీకి మధ్యలో ఓ చిన్న ఫోటో స్టూడియో ఉండేది. బయట పాస్‌పోర్ట్ ఫోటోలు తీయబడును అని బోర్డు. అక్కడికే వరంగల్‌ని వెంటబెట్టుకుని, కోటు కవర్లో పెట్టుకుని ఓ శనివారం వెళ్ళాను. లోపల అడుగుపెట్టగానే పాస్‌పోర్ట్ సంగతి మరిచిపోయాం. గోడ నిండా కుర్రకారు ఫోటోలు. మెక్సికో కుర్రాడొకడు తళతళలాడే బూట్లు కెమెరాకి చూపిస్తూ కూర్చున్నాడు. పోలండ్ అక్కచెల్లెళ్ళు ముగ్గురు ఒకే రకం నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని నిలబడ్డారు. నైజీరియా పిల్ల ఒకతి జడల్ని కిరీటంలా చుట్టుకుని, ఎవరూ లేని టెలిఫోన్‌లో ఎవరినో తిడుతోంది. అందరి వెనకా పెద్ద పెద్ద పువ్వుల రంగుల గుడ్డ. అందరి గడ్డాలూ పైకే ఉన్నాయి.

స్టూడియో ఆయనది టోగో దేశం. పడమటి ఆఫ్రికాలో ఉందని ఆయన చెప్తే గాని నాకు తెలియదు. (పడమర నుంచి వచ్చానని నేను చెప్తే ఆయనకి పశ్చిమ గోదావరి కూడా తెలియలేదు. సరికి సరి.) లోమే పట్నంలో వాళ్ళ నాన్నకి స్టూడియో ఉండేదట. యాభై దాటిన మనిషి, ఆరడుగుల పొడవు, మెత్తటి గొంతు. వారమంతా వీసాలకీ పాస్‌పోర్ట్‌లకీ తెల్ల గుడ్డ ముందు నవ్వని మొహాలు తీసేవాడు. శనివారం మాత్రం తెల్ల గుడ్డ దించేసి పువ్వుల గుడ్డ కట్టేవాడు. ఆ రోజు ఇక్కడికి వలస వచ్చిన కుర్రాళ్ళని, వాళ్ళు ఎలా కనబడాలని కోరుకుంటారో అలా తీయడమే పని. ఏళ్ళ తరబడి తీస్తూనే ఉన్నాడట. ఎందుకని అడిగితే చెప్పాడు. “మీరేం పని చేశారో మీ ఆఫీసు కాగితాల్లో ఉంటుంది. ఏ వీసా మీద వచ్చారో ప్రభుత్వం దగ్గర ఉంటుంది. శనివారం పూట మీరెలా తయారయ్యారో, ఎలా నిలబడ్డారో ఎవరి దగ్గరుంటుంది?” తరువాత మా వంక చూసి, “గడ్డం ఎత్తు,” అన్నాడు. ఆయన ప్రతి రెండో మాటా అదే. ఇంటికి చేరేలోపే వరంగల్ ఆయనకి గడ్డమెత్తు గురువుగారని నామకరణం చేసేశాడు.

నేను కోటు తొడుక్కుని గుడ్డ ముందు నిలబడ్డాను. లోపల ఇంకో మనిషికి చోటుంది. భుజాలు మోచేతుల దాకా జారాయి. గురువుగారు లోపలికి వెళ్ళి బట్టలారేసుకునే క్లిప్పులు గుప్పెడు తెచ్చి, నా వెనక నిలబడి, మెడ దగ్గర నుంచి నడుం దాకా గుడ్డని మడిచి ఆరు క్లిప్పులు పెట్టాడు. ముందు నుంచి చూస్తే కోటు నా ఒంటికి అతికినట్టు సరిపోయింది. “మా నాన్న స్టూడియోలో వీధి మొత్తానికి ఒకటే కోటు. లావువాళ్ళకీ సన్నవాళ్ళకీ సరిపోవాలని దాని వీపు నిలువునా కోసేసి నాడాలు కుట్టాడు. ఆ కోటు ముందు భాగం లోమే అంతా చూసింది. వెనక భాగం మా కుటుంబం ఒక్కటే చూసింది,” అన్నాడు. అంతలో వరంగల్ ఊరుకోక, “సార్, ఈ కోటు కూడ మా ఇంట్ల నలుగురికి ఒక్కటే,” అని ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. గురువుగారి మొహం వెలిగిపోయింది. మిగతా వాళ్ళని కూడా తీసుకురమ్మన్నాడు. నలుగురినీ అదే కోటులో, అదే గుడ్డ ముందు తీస్తానన్నాడు.

ఆయన పద్ధతి ఒకటుండేది. ఎంత బతిమాలినా మనిషికి రెండే ఫోటోలు. ఒకటి నీకు, ఒకటి నాకు, అనేవాడు. నీకు అన్నది ఆయన చెప్పి తీస్తాడు. నాకు అన్నది ఎప్పుడు తీస్తాడో చెప్పడు. నా చేతికిచ్చేది తీయడానికి ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. గడ్డం ఎత్తాను, పొట్ట లోపలికి లాగాను, కనుబొమలు ఓ మోస్తరు గంభీరంగా పెట్టాను. కెమెరా క్లిక్కుమంది. అయిపోయిందనుకుని కోటు విప్పుకోవడానికి అద్దం వైపు తిరిగాను. నా వీపు చూసి వరంగల్ అన్నాడు, “అరే భయ్, ఎనకనుంచి సూస్తే దాబా మీద ఆరేసిన రగ్గు లెక్క ఉన్నవ్.” నేను విరగబడి నవ్వాను. వెనకాల ఇంకో క్లిక్కు వినబడింది. ఏదో లైటు అనుకున్నాను. వెళ్ళబోయేటప్పుడు గురువుగారు ఓ కాగితం ఇచ్చి, నిదానంగా చదువుకుని ఇష్టమైతేనే సంతకం పెట్టమన్నాడు. రోజుకి పది చోట్ల చదవకుండా ఐ అగ్రీ నొక్కే వృత్తి మాది. పెన్ను ఎక్కడుందో వెతకడానికే నాకు టైం పట్టింది.

నా ఫోటో అమ్మగారికిచ్చాను. అమ్మగారు హెడ్‌మిస్ట్రెస్‌గారికి పంపారు. నాలుగు రోజుల తరువాత ఆవిడే ఫోన్ చేశారు. నేను ఆఫీసులో మీటింగ్ మధ్యలోంచి లేచిపోయి, మెట్ల మీద నిలబడి మాట్లాడాను. ఊరు, చదువు, అమ్మానాన్నలు, అన్నీ అడిగారు. చివర్లో, “కోటు బాగుంది బాబూ,” అన్నారు. థాంక్యూ ఆంటీ అని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ నర్సమ్మాయి పక్కనే కూర్చుని వింటోందేమో అన్న ఊహ నన్ను ఊరుకోనివ్వలేదు. “నా సైజు రెడీమేడ్‌లో దొరకదండీ. కొలతలిచ్చి కుట్టించాను,” అన్నాను. అక్కడితో ఆగానా, “నాకు బట్టల విషయంలో కాస్త పట్టింపు ఎక్కువ,” అని కూడా కలిపాను. (అప్పుడు నా ఒంటి మీదున్నది జంటకవుల్లో పెద్దవాడి చొక్కా.) “అలాగా,” అన్నారావిడ.

సంబంధం కుదిరినట్టేనని అమ్మగారు సూచనప్రాయంగా చెప్పిన వారంలోనే నా నెత్తిన పిడుగు పడింది. గురువుగారి దగ్గర నుంచి నలుగురికీ నాలుగు కార్డులొచ్చాయి. ఊరి లైబ్రరీలో ఆయన ఫోటోల ఎగ్జిబిషన్. నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితం దీనికి అనుమతేనట. ప్రారంభం శనివారం పొద్దున. వరంగల్ ఎగిరి గంతేశాడు. నేను కుర్చీలో కూలబడ్డాను. ఎందుకంటే నర్సమ్మాయికి శనివారం డ్యూటీ. వాళ్ళమ్మగారిని పొద్దున్నే లైబ్రరీలో దింపి వెళ్ళేది. పిల్లల దగ్గరకొచ్చిన మన పెద్దవాళ్ళందరూ శనివారాలు అక్కడే చేరి పేపర్లు చదువుకుంటారని షామ్‌బర్గ్‌లో తెలియని తెలుగువాడు లేడు. గురువారం నాడు గురువుగారి దగ్గరికి పరుగెత్తాను. ఫోటోలన్నీ అప్పటికే ఫ్రేముల్లో ఉన్నాయి. వరసగా వరంగల్, ఇద్దరు జంటకవులు, అందరూ అదే నెమలి కోటులో గడ్డాలెత్తి నిలబడ్డారు. నాలుగోది నాది. నాదంటే, నా వీపుది. ఆరు క్లిప్పులు వెన్నెముక పొడుగునా బారులు తీరాయి. పైన అద్దంలో నా మొహం, కళ్ళు మూసుకుపోయేలా, ముప్పై రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతోంది. మిగతావాటికి రెట్టింపు సైజు. “ఈ గోడకంతటికీ ఇదే ప్రాణం,” అన్నాడు గురువుగారు. అంత ముచ్చటపడుతున్న మనిషికి తీసెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. టీ ఇచ్చాడు, తాగి వచ్చేశాను.

నా దగ్గర మిగిలింది ఒకటే ఉపాయం. శనివారం తలుపులు తీయగానే వెళ్ళి, నా ఫోటో ముందు నిలబడిపోవడం. ఆవిడ వచ్చి వెళ్ళేదాకా కదలకూడదు. మిగతా ముగ్గురి సంగతేమిటంటారా, ఒకే రకం కోట్లు దుకాణంలో చాలా దొరుకుతాయని చెప్పుకోవచ్చు. (కొలతలిచ్చి కుట్టించినది దుకాణంలో చాలా ఎలా దొరుకుతుందన్న ప్రశ్న నాకు ఆ పూట తట్టలేదు.) వెళ్ళి నిలబడ్డాను. ఫోటో నాకన్నా వెడల్పు కావడంతో చేతులు నడుం మీద పెట్టుకుని మోచేతులు బయటికి చాపాను. జనం వచ్చారు, నా వంక ఎగాదిగా చూశారు, పక్కకి పోయారు. ఒక చిన్నపిల్ల నేను కూడా బొమ్మనేమోనని వేలితో పొడిచి చూసింది. అది చాలదన్నట్టు వరంగల్, ఎగ్జిబిషన్ కదా అని, సాక్షాత్తూ ఆ కోటే తొడుక్కుని వచ్చాడు.

“ఓరి నాయనా, అది విప్పు,” అన్నాను.

“ఎందుకు భయ్? నా కోటు, నా ఫోటో. అందరు గుర్తువడుతుర్రు నన్ను.”

అంతలో ఆవిడ రానే వచ్చారు. పక్కన నర్సమ్మాయి. ఆ రోజు డ్యూటీ తెల్లారే ముగిసిందట, ఆసుపత్రి బట్టల్లోనే వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చేసింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు గోడ మొదటి నుంచి ఒక్కో ఫోటో పరీక్ష పేపర్లు దిద్దినట్టు చూసుకుంటూ వచ్చారు. మా వరస దగ్గర ఆగారు. వరంగల్, ఒక కవి, రెండో కవి, ఆ తరువాత నేను.

“ఏం బాబూ, నువ్వూ వచ్చావా? కాస్త పక్కకి జరుగు, చూస్తాను.”

“ఇక్కడేం లేదాంటీ. ఖాళీ.”

“ఖాళీ ముందు నువ్వెందుకు నిలబడ్డావు?”

దీనికి జవాబు ఆలోచిస్తుండగా గురువుగారు గది అవతలి నుంచి నన్ను చూసి, నేను నా ఫోటో వదల్లేక గర్వంగా నిలబడ్డాననుకుని, రెండు చేతులూ చాచుకుంటూ వచ్చాడు. నా భుజాలు పట్టుకుని బల్లని జరిపినట్టు పక్కకి జరిపాడు. “ఈ అబ్బాయేనండీ,” అన్నాడు ఆవిడతో. ఆ తరువాత జరిగినదాన్ని ఏమాత్రం పెంచకుండా చెప్తాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని తన స్కూలు ఇంగ్లీషులో ప్రశ్నలు వేశారు. ఆయన ఆనందంగా జవాబులు చెప్పాడు. కోటు ఎన్ని అని అడిగారు. ఒకటే అన్నాడు. కుర్రాళ్ళు ఎంతమంది అని అడిగారు. నలుగురన్నాడు. ఈ అబ్బాయి కొలతలకి కుట్టినది ఏదీ అని అడిగారు. గురువుగారు, “కుట్టడమెక్కడండీ, ఇదుగో,” అని ఫోటోలో ఒక్కో క్లిప్పూ వేలితో చూపిస్తూ ఆరూ లెక్కపెట్టాడు. వరంగల్ సాయంగా వెనక్కి తిరిగి, కోటు పట్టుకుని, క్లిప్పులు ఎక్కడెక్కడ పెట్టారో చూపించాడు.

ఆవిడ నా వైపు తిరిగారు. “కొలతలిచ్చి కుట్టించానన్నావు.”

“అన్నానండీ,” అన్నాను. ఇక దాచడానికి ఏమీ మిగలక, “చొక్కా కూడా నాది కాదండీ,” అని ఒప్పేసుకున్నాను.

నర్సమ్మాయి అప్పటిదాకా పెదవి కొరుక్కుంటూ నిలబడింది. చొక్కా మాటతో ఇక ఆగలేకపోయింది. ప్రార్థనలో నవ్విన నవ్వే, ఈసారి అడ్డం పెట్టుకోవడానికి పాటల పుస్తకం కూడా లేదు. నవ్వలేక పిల్లల సెక్షన్‌లో ఉన్న బుల్లి కుర్చీలో కూర్చుండిపోయింది. గురువుగారి చూపు ఆమె మీద నిలిచింది. ఫోటో తీస్తాను, వస్తావా అని అడిగాడు. ఆమె లేచి, కళ్ళు తుడుచుకుని, వరంగల్ ముందు చెయ్యి చాపింది.

“ఆ కోటు ఇటివ్వండి అన్నయ్యా. నేనొక్కదాన్నే మిగిలాను కదా.”

నీలంరంగు ఆసుపత్రి బట్టల మీద ద్రాక్షరంగు వెల్వెట్. చేతులు రెండు మడతలు పైకి మడిచి, గడ్డం ఎవరూ చెప్పకుండానే ఎత్తి, కిటికీ దగ్గర నిలబడింది. లావుకి లావు, పొడవుకి పొడవు, ఏదీ సరిపోలేదు. అయినా ఆ కోటు మా నలుగురిలో ఎవరికన్నా ఆమెకే బాగుంది, ఒక్క క్లిప్పూ లేకుండా. నేను చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెళ్ళేటప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గారు నాతో ఒకే మాట అన్నారు. “ఆలోచించి చెప్తాను బాబూ.”

సంబంధాల భాషలో ఆ మాటకి అర్థమేమిటో తెలుగువాడికి వేరే చెప్పాలా? ఆలోచించి చెప్తామంటే ఆలోచించేశామని, చెప్పడానికి మొహమాటపడుతున్నామని. మా పెద్దన్నయ్యకి నలుగురు ఆలోచించి చెప్తామన్నారు, ఒక్కరూ చెప్పలేదు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆదివారం చర్చికి పోలేదు. వెళ్ళినవాళ్ళు ఊరుకోలేదు, ఫోన్లు చేశారు. “ఏమండీ, మా అబ్బాయికి బర్త్‌డే, కోటు దొరుకుతుందా?” అని ఒకాయన. క్లిప్పులు ఏ షాపులో కొన్నారని ఇంకొకాయన. వరంగల్ ఓదారుస్తూ, “ఇడ్సిపెట్టు భయ్, నీ ఎనకభాగం పెద్దసైజుల వేసిండు, మా ముందుభాగాలు ఎవ్వడు సూస్తలేడు,” అన్నాడు. ఆ ఓదార్పుతో నాకు రోషం వచ్చింది. మంగళవారం గురువుగారి దగ్గరికి వెళ్ళి, నా ఫోటో తీసెయ్యమన్నాను.

ఆయన వాదించలేదు, సంతకం గుర్తుచెయ్యలేదు. ఇది నీకు నచ్చలేదా అని మాత్రం అడిగాడు. నలుగురూ నవ్వుతున్నారన్నాను. “ఫోటోలో నువ్వూ నవ్వుతున్నావు కదా,” అన్నాడు. దించాల్సిందేనన్నాను. నాతోపాటు లైబ్రరీకి నడిచి వచ్చి, ఫ్రేము దించి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. పక్కనే, అంతకుముందు రోజే తగిలించిన కొత్త ఫోటోలో నర్సమ్మాయి కోటేసుకుని నన్నే చూస్తోంది. మేకు కూడా పీకేస్తారా అని అడిగాను. “మేకు ఉంటుంది. ఒకరి చోట్లో ఇంకొకరిని పెట్టను,” అన్నాడు గురువుగారు. ఫ్రేమును తెచ్చి మంచం కిందికి తోసేశాను. ఆ పూట నాకు పరువు దక్కినట్టే అనిపించింది.

నెల తిరిగాక, హెడ్‌మిస్ట్రెస్‌గారు ఇండియాకి ప్రయాణమయ్యే ముందు ఆదివారం, వీడ్కోలు భోజనాలకి అమ్మగారు పట్టుబట్టి నన్ను రప్పించారు. నేను ప్లేటు పట్టుకుని దూరంగా ఓ మూల నిలబడితే ఆవిడే వచ్చారు.

“వందనాలండీ,” అన్నాను నేల చూపులు చూస్తూ.

“ఆలోచించి చెప్తానన్నాను కదా బాబూ. ఆలోచించాను,” అన్నారు. నేను తలెత్తాను. జీవితంలో ఆ మాటకి కొనసాగింపు వినడం అదే మొదలు. “నువ్వు ముందు పంపిన ఫోటో మీ అంకుల్‌కి నచ్చలేదు. బ్యాంకు క్యాలెండర్‌లో మనిషిలా ఉన్నాడన్నారు. నాకూ అలాగే ఉంది. లైబ్రరీలో ఉన్నది చూశాక నా మనసు మారింది. ఈ పిల్లాడింట్లో ఉంటే ఇల్లు సందడిగా ఉంటుందనుకున్నాను. మరుసటి శనివారం వీడియో కాల్ చేసి, ఇదిగో ఆ అబ్బాయి, ఎలా నవ్వుతున్నాడో చూడండీ అని ఫోను గోడకేసి ఎత్తాను. అక్కడ మేకుంది.”

నా ప్లేటులో కోడికూర చల్లారిపోయింది.

“కోటు అరువుదని కాదు బాబూ. నా మొదటి ఇన్‌స్పెక్షన్‌కి నేను మా తోటికోడలి చీర కట్టుకుని వెళ్ళాను. అబద్ధమాడావనీ కాదు. ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలే విన్నాను, అందులో నీది చిన్నదే. కానీ అంత బాగా నవ్విన మొహాన్ని నలుగురు ఏదో అన్నారని నువ్వే దించేసుకున్నావు. మా పిల్ల సంగతి చూశావుగా, ప్రార్థనలో కూడా నవ్వుతుంది. రేపు దాన్ని చూసి నలుగురూ ఏదో అంటే, అప్పుడేం చేస్తావోనని భయమేసింది.”

“ఇప్పుడే తీసుకెళ్ళి మళ్ళీ తగిలించేస్తానండీ,” అన్నాను. నిజంగానే అన్నాను. కారు తాళాల కోసం జేబు తడుముకున్నాను కూడా.

“ఎగ్జిబిషన్ నిన్నటితో అయిపోయింది బాబూ,” అన్నారావిడ. నా భుజం తట్టి, అన్నం తినమని చెప్పి వెళ్ళారు.

నర్సమ్మాయి పెళ్ళి ఏడాది తిరక్కుండా డాలస్‌లో జరిగింది. మేము నలుగురం వెళ్ళాం. వరుడు ఆమె కన్నా గట్టిగా నవ్వే మనిషి. ఇద్దరూ కేకు దగ్గర దేనికో మొదలుపెట్టి, ఫోటోగ్రాఫర్ బతిమాలుకున్నా ఆపలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారి ఎంపికలో తప్పు పట్టడానికి నాకు ఏమీ కనబడలేదు. ఎంత వెతికానో నాకే తెలుసు.

ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. అలమారాలో నాకు కొలతలిచ్చి కుట్టించినవే ఐదు కోట్లున్నాయి. వాటిలో ఒక్కోటి వేసుకుని ఆఫీసు బ్యాడ్జికీ, కాన్ఫరెన్సులకీ ఫోటోలు తీయించుకున్నాను. బ్యాంకు క్యాలెండర్ వాళ్ళు చూస్తే వెంటనే పిలిచేవారు. గుడ్డలో చుట్టిన ఆ ఫ్రేము మాత్రం మూడు ఊళ్ళు, ఐదు ఇళ్ళు మారి, విప్పకుండానే నాతో తిరిగింది. కిందటేడు ఇల్లు సర్దుతుంటే మా ఆవిడకి దొరికింది. కథంతా చెప్పించుకుని, ఓ పూట నవ్వి, నేను వద్దన్నా వినకుండా హాల్లో, గుమ్మంలోకి రాగానే కనబడేలా తగిలించింది. వచ్చిన వాళ్ళందరూ క్లిప్పులు లెక్కపెడతారు. మొదట్లో నేను వంటింట్లోకి తప్పుకునేవాణ్ణి, ఇప్పుడు నేనే కూర్చోబెట్టి చెప్తున్నాను.

మొన్నొక సాయంత్రం కాఫీ కప్పుతో ఆ ఫోటో ముందు నిలబడి, మా ఆవిడ చాలాసేపు చూసింది. “ఈ అబ్బాయెవరో గానీ భలే ఉన్నాడండీ. మన పెళ్ళిచూపులకి మీ బదులు ఇతను రావాల్సింది,” అంది. నేనూ లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. వాడు అద్దంలో కళ్ళు మూసుకుని, వీపున ఆరు క్లిప్పులున్న సంగతే పట్టనట్టు నవ్వుతున్నాడు. “నిజమే,” అన్నాను, “వస్తానన్నాడు. నేనే వద్దన్నాను.”